సీలు వేసిన గదిలో పాట

బెన్ కావ్ పేట ఠాణాకి కుక్క పోయిందని వచ్చి చెప్పుకునేవాళ్ళు కొత్త కాదు. కానీ కుక్కమాంసం హోటల్ యజమానే వచ్చి, "నా కుక్కల్ని ఎవరో ఎత్తుకుపోయారు బాబోయ్" అని బల్ల మీద తల వాల్చి ఏడవడం మాత్రం ఆ ఠాణా ఇంతకు ముందు ఎరగదు.

ఏడ్చినవాడి పేరు బేన్. పొద్దున ఠాణాలో కొంత ఏడ్చి, మిగతా ఏడుపు ఇంటికి తెచ్చుకున్నాడు. డిటెక్టివ్ ఖ్వే వచ్చేసరికి హోటల్ ముందు గదిలో పొట్టి ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని, మెడలో తువ్వాలుతో ముక్కు తుడుచుకుంటున్నాడు.

"కూర్చో చెల్లెమ్మా. ఐసు టీ తాగుతావా?"

"తాగుతాను. ముందు ఆ వెనక తలుపు వెయ్యి అన్నా."

"వెనక కుక్కలు లేవు కదమ్మా. అదే కదా నా గోల!"

"లేవని నువ్వంటున్నావు. నేనింకా చూళ్ళేదు."

ఖ్వేకి కుక్కలంటే చచ్చేంత భయం. ఇంట్లోంచి మాయమైన మొగుళ్ళని వెతికి పట్టుకోవడం ఆవిడ వృత్తి. ఆ పనిలో కత్తులు చూసింది, కర్రలు చూసింది, ఒకసారి ఒక సవతి విసిరిన వేడి సూపుగిన్నెని కూడా తప్పించుకుంది. గుమ్మంలో కుక్కపిల్ల తోకాడిస్తే మాత్రం యాభై నాలుగేళ్ళ వయసులోనూ గబుక్కున కుర్చీ ఎక్కేస్తుంది.

అలాంటి మనిషిని ఈ కేసులోకి లాగింది జియెప్. ఖ్వే ఇంటి కింది వాటాలో పశువుల ఆస్పత్రి పెట్టుకున్న డాక్టరమ్మాయి. కుక్కమాంసం మానండని ఊరంతా తిరిగి చెప్పే గుంపుకి ఆమే నాయకురాలు. ఇంటింటికీ వెళ్ళి, తిట్లు తిని, వాళ్ళిచ్చిన టీ తాగి, మర్నాడు మళ్ళీ అదే గుమ్మం ముందు నిలబడే రకం. రెండేళ్ళు వెంటపడి బేన్‌ని ఒప్పించింది. ఈ చాంద్రమాసం ఆఖరి రోజున బోర్డు దించేస్తాననీ, బోనుల్లో ఉన్న కుక్కల్ని ఆమె చేతికి అప్పగించి వచ్చే నెల నుంచి బాతు నూడుల్స్ అమ్ముకుంటాననీ బేన్ పదిమందిలో మాటిచ్చాడు. ఆ ఆఖరి రోజు ఇవాళే. సాయంత్రం టీవీవాళ్ళు కూడా వస్తున్నారు. తీరా చూస్తే బోనులు ఖాళీ. జియెప్ ఠాణాలో.

"నేను తియ్యలేదు ఖ్వే అత్తా," అంది ఆ పిల్ల ఫోన్లో, ఏడుపో నవ్వో తెలియని గొంతుతో. "కెప్టెన్ వినిపించుకోవడం లేదు. కుక్కలు దొరక్కపోతే ఒప్పందం రద్దంటున్నాడు బేన్ మావయ్య. రేపు కొత్త నెల. మళ్ళీ పొయ్యి వెలిగిస్తాడు. ఆయన్ని చూసి మానేద్దామనుకున్న మిగతా హోటళ్ళవాళ్ళు కూడా వెనక్కి పోతారు. ఒక్కసారి వెళ్ళి చూడండి. కుక్కలు లేవు కదా, మీకేం భయం లేదు."

ఖ్వే టీ గ్లాసు అందుకుని గది నాలుగువైపులా చూసింది. మూల చాప మీద బేన్ తల్లి లూ బామ్మ కూర్చుని తమలపాకు నములుతోంది. ఎనభై దాటిన మనిషి. పాతకాలపు ఆచారం ప్రకారం నల్లరంగు పట్టించిన పళ్ళు, వంగని నడుము.

"కుక్కల్ని ఆఖరిసారి ఎప్పుడు చూశావన్నా?"

"పొద్దున. వీధి మైకులో వార్తలు మొదలవకముందే గంజి పోశాను. ఆ తర్వాత బజారుకి వెళ్ళాను. వచ్చేసరికి బోనులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి."

"బజారులో ఏం కొన్నావు?"

"ఏదో... ఊరికే."

ఆ ఊరికే కొన్నది బల్ల కింద రెండు బుట్టల నిండా కనిపిస్తోంది. ఖ్వే కాలితో ఒక బుట్టని ముందుకు లాగింది. నిమ్మగడ్డి, అల్లం, పెద్ద డబ్బా నిండా కుక్కమాంసంలో నంజుకునే రొయ్యల ముద్ద.

"బాతు నూడుల్స్‌లో రొయ్యల ముద్ద వేస్తారా అన్నా?"

బేన్ ముక్కు తుడుచుకోవడం ఆపేశాడు.

"ఆ గోడ మీద బ్యానరేంటి? వీడ్కోలు విందా?"

"పాతదమ్మా. కిందటి నెలది."

"దానికి ముందు నెల కూడా ఇదే చూశాను."

"అప్పుడూ మానేద్దామనే కట్టాను. ఒట్టు! పాత కస్టమర్లంతా వస్తారు. ఇదే ఆఖరిసారి కదా బేన్ అని ఏడుస్తారు. వాళ్ళు ఏడిస్తే నాకూ ఏడుపొస్తుంది. ఏడ్చాక అందరికీ ఆకలేస్తుంది. తింటాం. తాగుతాం. తాగాక, ఇంకొక్క నెల చూద్దాంలే అనిపిస్తుంది."

"అంటే ఇవాళ మధ్యాహ్నం కూడా ఒక ఆఖరి విందు ఉందన్నమాట. విందులో తినేస్తే సాయంత్రం జియెప్‌కి ఏం అప్పగిస్తావు?"

బేన్ గొంతు తగ్గించాడు. "రెండు ఉంచుదామనుకున్నా. టీవీకి రెండు చాలవా?"

మూలనుంచి ఠపీమని శబ్దం వచ్చింది. లూ బామ్మ తమలపాకు ఉమ్మి డబ్బాలో పడింది.

"అసలు మానేస్తానని ఎందుకొప్పుకున్నావు?" అని అడిగింది ఖ్వే. ఈసారి ఆమె గొంతులో వెటకారం లేదు.

బేన్ తన చేతులకేసి చూసుకున్నాడు. "మా మనవరాలు కుక్కపిల్లని తెచ్చుకుంది. నేను వాళ్ళింటికి వెళ్తే దాన్ని పరుపు కింద దాస్తుంది. తాతా, నువ్వు వాకిట్లోనే కూర్చో, నేనే వస్తా అంటుంది. వస్తుంది, కూర్చుంటుంది, కబుర్లు చెబుతుంది. తలుపు మాత్రం వేసే ఉంచుతుందమ్మా." మళ్ళీ తువ్వాలు ముక్కు దగ్గరికి వెళ్ళింది.

"నువ్వు బజారులో ఉండగా ఇంట్లో ఎవరున్నారు?"

"మా అమ్మొక్కతే. కానీ ఆవిడకి చెవుడు."

"ఎవడికిరా చెవుడు?" అంది బామ్మ. "నువ్వు మాట్లాడేటప్పుడే నాకు వినపడదు."

ఖ్వే ఆమె వైపు తిరిగింది. "పెద్దమ్మా, లోపలికి ఎవరైనా వెళ్ళారా?"

"ఈగలు వెళ్ళాయి."

"వీధిలో ఎవరైనా?"

"మా ముసలాళ్ళ డాన్సు. ఎర్ర బట్టలేసుకుని, విసనకర్రలు పట్టుకుని, పాటలపెట్టె పెట్టుకుని. ఊరంతా చూసింది."

"డాన్సు సాయంత్రాలు కదా?"

"సాయంత్రం టీవీవాళ్ళకి చోటు కావాలిగా. అందుకని పొద్దునే గెంతారు." బామ్మ కొత్త ఆకుకి సున్నం రాసుకుంటూ, ఖ్వే కళ్ళలోకి చూడకుండా, "ఇంకేమన్నా అడగాలా, నిద్రపోనా?" అంది.

ఖ్వే లేచింది. బేన్‌ని ముందు నడిపించి, పెరట్లో ప్రతి బోనునీ అతని చేత ఊపించి, లోపల ఏదీ లేదని రూఢి చేసుకున్నాక గాని గడప దాటలేదు.

తాళాలు పగలలేదు. గుత్తంతా బోను పక్కనే కొక్కేనికి వేలాడుతోంది.

"ఈ తాళాలు ఎక్కడుంటాయి?"

"నాన్న పటం వెనక. మా ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ తెలీదు."

"కుక్కలకి నీళ్ళు పోసే గిన్నెలేవి?"

బేన్ వెతికాడు. గిన్నెలు లేవు. గంజి కుండ కూడా లేదు.

"కుక్కల్ని అమ్ముకునే దొంగ సొట్టగిన్నెలు మొయ్యడు అన్నా. వీటికి మధ్యాహ్నం అన్నం పెట్టాలనుకున్నవాళ్ళే మోస్తారు."

ఆమె వంగి బోను గడియని వాసన చూసింది. కుక్క వాసన ఉంటుందేమోనని ముక్కు బిగబట్టి వంగింది గానీ, వచ్చింది వేరే వాసన. మెంథాల్. మోకాళ్ళకి రాసుకునే పచ్చతైలం వాసన. పక్క గడియకీ అదే. కింద మట్టిలో ఎర్రగా ఏదో తళుక్కుమంది. గోటితో తీసింది. బట్టకి కుట్టే చెమ్కీ బిళ్ళ.

"అత్తా!" అని వెనకనుంచి పిలుపు వచ్చింది. "ఇక్కడ మొగుళ్ళు లేరు. ఇవి బోనులు."

"బోనులు చూస్తే మొగుళ్ళే గుర్తొస్తున్నారు నాయనా," అంది ఖ్వే తిరక్కుండానే.

కెప్టెన్ హ్వాక్ నల్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. ఈ పేట ఠాణాకి అతనే అధికారి. వయసు నలభై. బూట్లు అద్దంలా మెరుస్తాయి. అతనికి ఖ్వే మీద పాత కోపం ఉంది. నదిలో మునిగి చచ్చిపోయాడని అతను సంతకం పెట్టి ఫైలు మూసేసిన ఒక మనిషిని, ఆవిడ పక్క జిల్లాలో రెండో పెళ్ళాం చేతి వంట తింటుండగా పట్టుకొచ్చి, సరాసరి అతని బల్ల ముందు కూర్చోబెట్టింది.

"కేసు అయిపోయింది. మీరింటికి వెళ్ళండి," అన్నాడు. "మీ డాక్టరమ్మ వ్యాను పొద్దున సందు మొదట్లో ఆగింది. చూసినవాళ్ళున్నారు. ఆమె కరపత్రం ఈ బోను పక్కనే దొరికింది. దొంగ దొరికింది. ఇక దొంగసొత్తు దొరకాలి."

"టీకాలు వేద్దామని వచ్చింది. గేటు వేసుంటే వెళ్ళిపోయింది. ఏదీ, ఆ కరపత్రం చూపించు."

అతను ప్లాస్టిక్ కవర్లోంచి జాగ్రత్తగా తీశాడు. "మీ ఇంటి కాపలాదారుని తినకండి" అని రాసి ఉన్న పసుపు కాగితం. దాన్ని ఎవరో పొట్లంలా చుట్టి మళ్ళీ విప్పారు. మడతల్లో ఉప్పు రవ్వలు, పొద్దుతిరుగుడు గింజల పొట్టు.

"ఇవి ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి నాయనా. మీ ఇంట్లో లేవా?"

"ఎందుకు లేవు! మా అమ్మ వీటిలోనే గింజలు పోసుకుని నములుతుంది."

అని, తనే ఏదో మంచి జోకు వేసినట్టు నవ్వాడు. ఖ్వే నవ్వలేదు. కాగితాన్ని మళ్ళీ ఒకసారి చూసి అతనికి ఇచ్చేసింది.

"ఇంతకీ నువ్వు కేసు మీద వచ్చావా, విందు మీద వచ్చావా?"

కెప్టెన్ మొహం ఎర్రబడింది. బేన్ వైపు ఉరిమి చూశాడు. బేన్ తువ్వాల్లో దాక్కున్నాడు.

"నెలాఖరున కుక్కమాంసం తింటే దురదృష్టం పోతుందని అందరూ తింటారు. మా నాన్న తిన్నాడు, మా తాత తిన్నాడు. చట్టం వద్దనలేదు."

"వద్దనలేదు. కానీ దొంగసొత్తు దొరికితే అది నేరుగా నీ పళ్ళెంలోకే వచ్చేది. దొంగతనం రాసుకునేదీ నువ్వే, నంజుకునేదీ నువ్వే. పై అధికారి అడిగితే ఏం చెబుతావు?"

"అత్తా, హద్దులో ఉండండి!"

"హద్దులోనే ఉన్నాను. ఒక్క సంగతి చెప్పు, వెళ్ళిపోతా. ఇన్ని కుక్కల్ని తీసుకుపోతుంటే ఎవరికీ అరుపులు వినపడలేదా?"

"వీధిలో డాన్సు. మైకు అదిరిపోయింది. ఏం వినపడుతుంది?"

"డాన్సు ఆగాక?"

"ఆగాక ఠాణాకి ఒకటే ఫోన్లు. కుక్కల గురించి కాదు లెండి. కరోకే పాటలగదిలో ఎవడో గొంతు పిసికినట్టు పాడుతున్నాడు, ఆపించండి అని. ఈ వెనక కరోకేకి అగ్గి జాగ్రత్తలు సరిగ్గా లేవని ఎండాకాలంలోనే తాళం వేశాం. నా చేత్తో నేనే సీలు అంటించాను. మూసేసిన గదిలో పాట వినపడిందట! ఈ పేట జనానికి పనీపాటా..."

ఖ్వే తన వంకే చూస్తుండడం గమనించి ఆగిపోయాడు.

"ఏ పాటట?"

"పాటేదో తెలీలేదట. మాటల్లేవట. ఒకటే రాగం. ఊ..." అని అతను పాడి చూపించబోయి, నోరు సగం తెరిచి ఉండగానే కళ్ళు పెద్దవి చేశాడు.

ముగ్గురూ పెరటి గోడకేసి చూశారు. గోడకి చిన్న తలుపు, దాని అవతల ఇరుకు సందు, సందుకి ఆవల కరోకే వెనక ద్వారం.

"అది ఎవరిదన్నా?"

"తోంగ్‌ది," అన్నాడు బేన్. "ఊళ్ళో హోటళ్ళన్నిటికీ లారీలో కుక్కలు తెచ్చి పోసేదీ అతనే. కరోకే మూతపడ్డాక ఎక్కువగా వాళ్ళావిడ ఊళ్ళోనే ఉంటున్నాడు."

కెప్టెన్ ముందుగా వెళ్ళాడు. కరోకే వెనక తలుపు మీద సీలు కాగితం చెక్కు చెదరకుండా ఉంది. అతను గర్వంగా దాన్ని చూపించి, చూపించిన వేలుని మెల్లగా దించాడు. సీలు మీది నక్షత్రం తలకిందులుగా ఉంది.

"నేను తిన్నగానే అంటించాను," అన్నాడు నీరసంగా.

ఖ్వే అంచు గీరి చూసింది. "అన్నం మెతుకులతో, తలుపుకి ఒక్కదానికే అంటించారు, గుమ్మానికి కాదు. ఇంకా తడిగా ఉంది. తాళంచెవి ఎక్కడుంటుంది నాయనా?"

"ఠాణాలో. నా సొరుగులో."

"సొరుగు తాళం?"

"నా ప్యాంటు జేబులో."

"ప్యాంటు ఎవరు ఉతుకుతారు?"

కెప్టెన్ తాళం తీసేసి ఉన్న ఇనుపగడియకేసి చూశాడు. తలుపు తోశాడు. లోపల గడియ లేదు, తెరుచుకుంది.

ఎర్ర చెమ్కీల బట్టల్లో ఏడెనిమిది మంది ముసలమ్మలు. వాళ్ళ ఒళ్ళో, కాళ్ళ దగ్గర, సోఫాల మీద, పాటలు పాడే చిన్న వేదిక మీద కుక్కలు. ఒక గోధుమరంగు కుక్క మైకు ముందు నిలబడి, మెడ పైకెత్తి, ఊ... అని సాగదీస్తోంది. పై గోడలో గాలిమర కోసం కొట్టిన కన్నంలోంచి ఆ రాగం తిన్నగా ఊరిమీదికి పోతోంది. మధ్య సోఫాలో కూర్చున్న పెద్దావిడ ఒక బొచ్చుకుక్కకి చెంచాతో గంజి పడుతోంది. ఆవిడ న్యుంగ్ టీచరు. పేటలో సగంమందికి అక్షరాలు దిద్దించింది. కెప్టెన్‌కి తల్లి.

"తలుపెయ్యండి, బయటికి పోతాయి! చెప్పులు గుమ్మం బయటే విడవండి, ఇప్పుడే తుడిచాం."

బేన్ చెప్పులు విడిచాడు. ఖ్వే కూడా చెప్పులు విడిచి, కుక్కల్ని చూసి, వెంటనే దగ్గర్లో ఉన్న బల్ల ఎక్కేసింది. కెప్టెన్ మాత్రం బూట్లతోనే లోపలికి దూసుకొచ్చాడు.

"అమ్మా! ఇది సీలు వేసిన చోటు!"

"మళ్ళీ అంటించాం కదరా."

"తలకిందులుగా!"

"కళ్ళజోడు తేలేదు. బూట్లు విప్పమన్నానా?"

"అమ్మా, ఇది నేరం. కేసు రాయాలి!"

"రాయి. మొదట నా పేరు రాయి. అక్షరాలు తప్పు రాశావో, పేటందరి ముందూ మళ్ళీ దిద్దిస్తాను."

బల్ల మీదనుంచి ఖ్వే అడిగింది. "టీచరుగారూ, బోను తాళాలు మీకెవరిచ్చారు?"

"నేనిచ్చాను," అంది వెనకనుంచి లూ బామ్మ. ఒక చేత్తో తమలపాకుల బుట్ట పట్టుకుని తాపీగా లోపలికి వచ్చి తలుపు జేరవేసింది.

బేన్ నమ్మలేకపోయాడు. "నువ్వా? హోటల్ మూస్తానంటే అన్నం మానేసి పడుకుంది నువ్వే కదే!"

"మానేశాను. మీ నాన్న పెట్టిన పొయ్యి ఆరిపోతుందంటే కడుపు రగిలింది. ఆ డాక్టరు పిల్లని తిట్టాను. చీపురు విసిరాను. అది చీపురు తీసుకొచ్చి నా పక్కన పెట్టి, మోకాలు ఎలా ఉంది బామ్మా అని అడిగింది. రెండేళ్ళు అడిగింది. ఆఖరికి నేను కూడా సరే అన్నాను. సరే అంటే సరే! నువ్వో? నెలకోసారి సరే అంటావు, నెలకోసారి కత్తి నూరుతావు. మన హోటల్లో తూకం తప్పలేదురా ఎప్పుడూ. మాట తప్పలేదు. ఇవాళ టీవీకి రెండు ఉంచుతావా? ఆ పిల్ల మొహం చూసి నేనెలా చెప్పను, ఇవే అన్నీనని?"

బేన్ ఏడవలేదు. ఆ పొద్దున్నుంచి అతను ఏడవాల్సిన చోట ఏడవకపోవడం అదే మొదలు. చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు.

"పాటలపెట్టె ఎందుకో ఇప్పుడర్థమైంది," అంది ఖ్వే. "గోల వినపడకుండా వీధిలో కొందరు గెంతారు, మిగతావాళ్ళు పెరట్లోంచి చేరవేశారు. అంతేనా?"

"అరగంట గెంతాం," అంది ఒకావిడ మోకాలికి పచ్చతైలం రాసుకుంటూ. "అదే పాట మీద. చచ్చిపోయాం."

తల్లి చూస్తుండగా కెప్టెన్ ఠాణాకి ఫోను చెయ్యబోయాడు. గోడల నిండా దట్టంగా స్పాంజీ, దాని వెనక ఇనుపరేకులు. సిగ్నలు రాలేదు. సందులోకి వెళ్ళి, జియెప్‌ని వదిలెయ్యమని చెప్పి వచ్చాడు. కాసేపట్లో జియెప్ స్కూటరు మీద వచ్చేసింది. చెప్పులు విడిచి లోపలికి అడుగు పెట్టి, కుక్కల్నీ ముసలమ్మల్నీ చూసి, ముందు లూ బామ్మ దగ్గరికి వెళ్ళి ఆవిడ భుజం మీద తల పెట్టింది.

"చాల్లే. జుట్టంతా తమలపాకు రసం అవుతుంది," అంది బామ్మ, తోసెయ్యకుండానే.

జియెప్ ఒక్కొక్క కుక్కనీ పట్టి చూడడం మొదలుపెట్టింది. బల్ల మీద నిలబడ్డ ఖ్వేకి గదంతా కనిపిస్తోంది. అన్నీ తిరుగుతున్నాయి, మూతులు నాకుతున్నాయి, ఆవిడ బల్ల చుట్టూ కూడా ఆశగా చేరుతున్నాయి. ఒక్క నల్లకుక్క మాత్రం మూల సోఫా ముందు బొమ్మలా కూర్చుని ఉంది. తోక కూడా కదపడం లేదు.

"దానికేమైంది?"

"అదొక్కటే మర్యాదస్తురాలు," అంది న్యుంగ్ టీచరు. "తెచ్చినప్పట్నుంచీ అక్కడే కూర్చుంది. గంజి చూపించినా రాదు. నేను ఆ సోఫా మీద కూర్చోబోతే నా మొహంలోకి చూసి, మళ్ళీ సోఫాకేసి చూసింది. నాకే సిగ్గేసి లేచిపోయాను."

"దాన్ని తోంగ్ మొన్న తెచ్చాడు," అన్నాడు బేన్. "దీన్నే ముందు కొయ్యి, ఇవాళే కొయ్యి, తోలు కూడా మిగల్చకు అన్నాడు. నేను విందు కోసమని ఆగాను."

జియెప్ నల్లకుక్క పక్కన కూర్చుని దాని చెవి మడిచింది. లోపల ఆకుపచ్చ అంకెలు పచ్చబొట్టు పొడిచి ఉన్నాయి. ఆమె మొహం మారిపోయింది.

"ఇది సర్కారు కుక్క. సరిహద్దు గేటు దగ్గర లారీల్ని వాసన చూసేది. దొంగిలించారని మా డాక్టర్లందరికీ ఫోటో పంపారు."

"వాసన చూసి ఏం చేస్తుంది?" అని అడిగింది ఖ్వే.

"మత్తుమందు ఉందనుకోండి, అరవదు. కరవదు. దాని ముందు కూర్చుని..." జియెప్ మాట ఆగిపోయింది. "చూపిస్తుంది."

అందరూ సోఫాకేసి చూశారు. కుక్క కూడా చూసింది, ఇప్పటికి అర్థమైందా అన్నట్టు.

కెప్టెన్ చెయ్యి చాచాడు. లూ బామ్మ వక్కలు కోసుకునే కత్తి ఇచ్చింది. అతను సోఫా వీపుని చీల్చాడు. టీపొడి పొట్లాల్లాంటివి, గట్టిగా టేపు చుట్టినవి, ఒకదాని మీద ఒకటి లోపలంతా పేర్చి ఉన్నాయి. ఒక పొట్లం మూల చించి, లోపలున్న తెల్లటి పొడిని చూసి అతను తలుపుకేసి తిరిగాడు.

"నా సీలు," అన్నాడు.

"అవును నాయనా. పోలీసు సీలున్న చోటికి ఎవరొస్తారు? తోంగ్ సరుకు పెట్టుకుంటే కాపలా నీ సీలు కాసింది. ఈ కుక్క మిగిలుంటే ఎప్పటికైనా తన సరుకుని పసిగడుతుందని దీన్ని దొంగిలించి..." ఖ్వే చెబుతూనే కిందికి దిగింది. కుక్కలున్నాయన్న సంగతే మర్చిపోయింది.

అప్పుడే వెనక తలుపు దభాలున మూసుకుంది. బయటినుంచి ఇనుపగడియ పడ్డ చప్పుడు.

"బేన్ అన్నా." తలుపు అవతల గొంతు మెత్తగా, మర్యాదగా ఉంది. "నా గదిలోంచి కుక్క ఊళ వినపడితే వచ్చాను. నీ చెప్పులు గుర్తుపట్టాను. మిగతావన్నీ ఆడవాళ్ళ చెప్పులు. ముసలాళ్ళు సరదా పడ్డారు, ఫరవాలేదు. నాకు ఎవరితోనూ గొడవ లేదు."

బేన్ పెదాలు తడుపుకున్నాడు. తోంగ్ అని చప్పుడు లేకుండా పెదాలతోనే చెప్పాడు.

కెప్టెన్ ఏదో అరవబోయాడు. న్యుంగ్ టీచరు గంజిచెయ్యి అతని నోటికి అడ్డం పెట్టి, కళ్ళతో అతని కాళ్ళ బూట్లు చూపించింది. బయట పోలీసు బూట్లు లేవు. లోపల పోలీసున్నాడని తోంగ్‌కి తెలియదు. కెప్టెన్ ఫోను తీసి చూశాడు. సిగ్నలు లేదు. ముందు షట్టరుకి బయట తాళం, దాని మీద ఇంకో సీలు. అదీ అతనిదే.

"ఆ నల్లదాన్ని బయటికి ఇవ్వు అన్నా," అంది గొంతు. "తలుపు కాస్త తీస్తాను, దాన్ని తోసెయ్యి. తర్వాత మీరంతా ఇళ్ళకి పోవచ్చు. దాని బదులు ఇంకేం కావాలో చెప్పు, రేపే లారీలో పంపిస్తాను. కొత్త నెల కదా, నీకు బేరం ఉంటుంది."

జియెప్ నల్లకుక్క మెడ చుట్టూ చేతులు వేసింది. ఖ్వే గదంతా కలయజూసింది. కిటికీ లేదు. గాలిమర కన్నంలో పిల్లి మాత్రమే పడుతుంది. కెప్టెన్ చేతిలో వక్కల కత్తి ఒక్కటే ఆయుధం. తను చెయ్యగలిగింది ఏమీ తట్టక బేన్ వైపు చూసింది. ముసలమ్మలంతా అతన్నే చూస్తున్నారు. వాళ్ళమ్మ మాత్రం చూడడం లేదు. తమలపాకుకి సున్నం రాసుకుంటోంది.

బేన్ తలుపు దగ్గరికి నడిచాడు. తువ్వాలుని మెడలోంచి తీసి నడుముకి బిగించాడు.

"తోంగ్ తమ్ముడూ, కుక్కల బేరం లేదు. హోటల్ మూసేశాను."

"మూసేశావా? ఎప్పుడు?"

"ఇప్పుడే."

బయట తోంగ్ ఫోన్లో ఎవరితోనో, "మనవాళ్ళందర్నీ సందులోకి రమ్మను," అన్నాడు. తర్వాత సందులోకి ఒక మోటారుసైకిలు వచ్చి ఆగింది. దాని వెనక ఇంకొకటి. దాని వెనక ఇంకొకటి.